ఉంచిన డాలరు

విక్టోరియా కొట్లో బేరం పడిపోయిన రోజు ఆమెకు తేదీతో సహా గుర్తుంది. రెండువేల సంవత్సరం, జూన్ పదమూడు, మంగళవారం. అంతకు ముందురోజు రాణీగారి పుట్టినరోజు సెలవు కావడంతో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో ఉన్న తెలుగువాళ్లు సగం మంది వచ్చి కందిపప్పు, ఇంగువ, ఇడ్లీ రవ్వ మోసుకుపోయారు. మంగళవారం పొద్దున తొమ్మిదికి తలుపు తీస్తే సాయంత్రం ఆరు దాకా ముగ్గురంటే ముగ్గురే వచ్చారు. అందులో ఒకాయన పోస్టాఫీసుకి దారి అడగడానికి వచ్చాడు.

బుధవారం ఇద్దరు. గురువారం నలుగురు, ఆ నలుగురూ కొత్త మొహాలే. చలి కదా అనుకుంది విక్టోరియా. ఊళ్లో జ్వరాలు తిరుగుతున్నాయి కదా అనుకుంది. జూలై ఒకటి నుంచి జీఎస్టీ అని కొత్త పన్ను వస్తోంది, ఆ కంగారులో జనం సూపర్ మార్కెట్ల మీద పడ్డారేమో అని కూడా అనుకుంది. శనివారం నాడు కూడా కొట్టు బోసిగా ఉండేసరికి మాత్రం ఆమెకు ఏ సాకూ దొరకలేదు. రెండేళ్లలో శనివారం ఆమె కూర్చుని అన్నం తిన్నది లేదు. ఆ శనివారం కూర్చుని తింది, అదీ సహించలేదు.

కొట్టు అద్దె కాగితం జూన్ ముప్పైతో అయిపోతుంది. కొట్టు యజమాని ఫ్రాంకో అని ఒక ఇటలీ ముసలాయన, వెర్రిబీ సౌత్‌లో క్యాలీఫ్లవర్ పండిస్తాడు. మాట ఖచ్చితం. "మూడేళ్లకి సంతకం పెట్టు. ముప్పయ్యో తారీఖు శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండులోపు. తరవాత వీడియో కేసెట్లవాడికి ఇచ్చేస్తాను" అన్నాడు. గిరాకీ లేకుండా సంతకం పెడితే మూడేళ్ల అద్దె మెడకు చుట్టుకుంటుంది. పెట్టకపోతే కొట్టే పోతుంది. అప్పటికి ఇల్లు గడుస్తున్నది ఆ కొట్టు మీదే.

ఎందుకంటే ఆమె భర్త సుందర్ రాజు వైటూకే మనిషి. తొంభై ఎనిమిదిలో వచ్చి, మెల్‌బోర్న్‌లో ఒక బీమా కంపెనీ కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేశాడు. పొద్దున ఆరున్నర రైలు, రాత్రి ఎనిమిదిన్నర రైలు. జనవరి ఒకటిన లోకం మునిగిపోతుందని ఊరంతా నీళ్ల సీసాలు కొని దాచుకుంది. లోకం నిక్షేపంగా ఉంది. మునిగింది సుందర్ రాజు కాంట్రాక్టు ఒక్కటే. ఫిబ్రవరిలో చేతికి ఒక కేకు ముక్క ఇచ్చి ఇంటికి పంపించారు. అప్పటినుంచి మనిషి కొట్టు వెనక గదిలో కంప్యూటర్ పెట్టుకుని, పెళ్లాం సంపాదన తింటున్నానన్న దిగులు పైకి చెప్పకుండా, దేన్నో ఒకదాన్ని బాగు చేస్తూ ఉండేవాడు. బాగున్నవి కూడా బాగు చేసేవాడు, అదీ ఇబ్బంది.

విక్టోరియాకు కొట్టు కొత్త కాదు. ఆమె తండ్రి జీవరత్నానికి నరసాపురంలో కిరాణా కొట్టు ఉండేది. ఏ రోజు అమ్మకం ఆ రోజు రాసే చిట్టా, దాంట్లోంచి మనిషికో పేజీ చొప్పున ఎత్తి రాసే ఆవర్జా, ఈ రెండూ ఆమె పదేళ్లప్పుడే నేర్చుకుంది. ఆయనకొక పట్టుదల ఉండేది. ఎవరొచ్చి బాకీ తీర్చినా పూర్తిగా తీసుకునేవాడు కాదు. పదకొండు రూపాయల పావలా ఇవ్వాల్సిన మనిషి దగ్గర పదకొండు తీసుకుని, "పావలా ఉండనీండి" అనేవాడు. ఖాతా సున్నా చేస్తే ఇద్దరి మధ్యా తెగతెంపులైనట్టే అని ఆయన లెక్క. ఊరొదిలి పోయేవాళ్లకీ, మళ్లీ మొహం చూడకూడదు అనుకున్నవాళ్లకీ తప్ప ఆయన సున్నా రాసి ఎరగడు.

వెర్రిబీలో కొట్టు పెట్టాక విక్టోరియా అదే పద్ధతి తెచ్చింది. ఖాతా తెరిచిన ప్రతివాళ్లకీ విడమరిచి చెప్పింది. నెల జీతం రాగానే వచ్చి తీర్చండి, ఒక్క డాలరు మాత్రం ఉంచండి, ఆ డాలరు ఉన్నంత కాలం మీరు నా కొట్టు మనిషి. మొదట నవ్వారు. తరవాత అది అందరికీ అలవాటై, ముద్దై కూర్చుంది. ఎవరైనా కొత్తగా సిడ్నీ నుంచో పెర్త్ నుంచో వస్తే, "ఏమండీ, విక్టోరియా గారి దగ్గర డాలరు పడిందా?" అని అడిగేవాళ్లు. పడితే వాళ్లు ఊళ్లోవాళ్ల కింద లెక్క. అలా యాభై మూడు ఖాతాలు అయ్యాయి.

పంతొమ్మిదో తారీఖు సోమవారం షమ్సున్నీసా వచ్చింది. ఆవిడది వరంగల్. భర్త గియాసుద్దీన్‌కి ఆ వీధి చివర హలాల్ మాంసం దుకాణం ఉంది. విక్టోరియా కొట్టు తెరిచిన రోజు మొదటి ఖాతా ఆవిడదే. ఎప్పుడూ "బిడ్డా" అంటూ లోపలికొచ్చి బియ్యం బస్తా మీద కూర్చునే మనిషి, ఆ రోజు గుమ్మం దగ్గరే నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం తప్పు జేసినం మేము?" అంది. "మా ఖాతా ఎందుకు బంద్ జేసినవ్?"

విక్టోరియాకు అర్థం కాలేదు. "నేను ఎవరి ఖాతా మూసేనాంటీ?"

షమ్సున్నీసా సంచిలోంచి కవరు తీసి బల్లమీద పెట్టింది. లోపల ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం. మీ ఖాతా మూసివేయడమైనది, బాకీ సున్నా, ఇన్నాళ్ల మీ ఆదరణకు కృతజ్ఞతలు. కింద విక్టోరియా పేరు.

"ఒక్క మాకేనా అనుకున్న. ద్వారకానాథ్‌కు గూడ వచ్చిందట. అందరికీ వచ్చినయట. కొట్టు అమ్ముకొని పోతున్నరని కొందరు, మనమంటే గిట్టక చేసిన్రని కొందరు. గియాస్ సాబ్ అయితే రెండు రోజులు అన్నం దినలే. పోవద్దన్నడు. నేనే ఆగలేక వచ్చిన."

విక్టోరియా ఆ కాగితం పట్టుకుని వెనక్కి తిరిగి, "ఏమండీ!" అని కేకేసింది. ఆ కేకకు అల్మారాలో గాజు సీసాలు కదిలాయో లేదో గాని, సుందర్ రాజు మాత్రం నవ్వు మొహంతో బయటికొచ్చాడు.

"అందేయా? సర్‌ప్రైజ్ చేద్దామనే నీకు చెప్పలేదు" అన్నాడు. "జూలై నుంచి జీఎస్టీ కదా, నీ ఆవర్జా మొత్తం సిస్టంలోకి ఎక్కించేశాను. యాభై మూడు ఖాతాలు, మే నెలాఖరుకి ఒక్కోదాంట్లో ఒకే ఒక్క డాలరు. ఓపెనింగ్ బ్యాలెన్స్ చూడ్డానికే అసహ్యంగా ఉంది విక్టోరియా. అన్నీ రైటాఫ్ చేసి, క్లీన్‌గా జీరో పెట్టేశాను. వాళ్లకీ డాలరు మాఫీ, మనకీ లెక్క శుభ్రం."

"మాఫీ ఎవరడిగిన్రు బాబూ?" అంది షమ్సున్నీసా. ఆవిడ కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

విక్టోరియాకు ఒళ్లు మండిపోయింది. మొగుణ్ణి ఆ కంప్యూటర్‌తో సహా ఎత్తి క్యాలీఫ్లవర్ తోటలో పడేయాలనిపించింది. మరుక్షణం అతని మొహం చూస్తే గుండె తరుక్కుపోయింది. అతను బడిపంతులు కొడుకు, లెక్కలో శేషం సున్నా వస్తే మార్కులు పడ్డాయని సంబరపడే ఇంట్లో పెరిగినవాడు. నాలుగు నెలలుగా ఎవరికీ పనికిరాకుండా ఉన్నానన్న బాధలో, పనికొచ్చే పని చేశానని నిజంగా నమ్ముతున్నాడు. డాలరు సంగతి అతనికి తెలియక కాదు. అది పెళ్లాం వేళాకోళమనుకున్నాడు.

"ఇంకో లెటర్ వేసేద్దాం. పొరపాటైంది, సారీ అని" అన్నాడు, సంగతి తలకెక్కాక. అప్పటికి అతని నవ్వు పూర్తిగా పోయింది.

"కాగితంతో తెంపినదాన్ని కాగితంతో అతికిస్తారేటండీ?" అంది విక్టోరియా. "ఇళ్లకెళ్లాలి."

"వెళ్లి?"

"అప్పడగాలి."

ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు నరసాపురంలో ఒకసారి ఇలాగే జరిగింది. కొట్లో గుమాస్తా తెలియక వడ్రంగి ఆశీర్వాదం దగ్గర పావలాతో సహా మొత్తం వసూలు చేసి సున్నా రాసేశాడు. ఆశీర్వాదం నెల రోజులు అటు తొంగి చూడలేదు. జీవరత్నం కూతురి చెయ్యి పట్టుకుని వడ్రంగి ఇంటికెళ్లి, క్షమించమని అనలేదు, ఏమీ అనలేదు, ఒక కొబ్బరికాయ అప్పివ్వమని అడిగాడు. ఖాతా తెంపినవాడే ముందు వెళ్లి చెయ్యి చాపాలని దారిలో కూతురికి చెప్పాడు. మర్నాడు ఆశీర్వాదం ఉప్పు కోసం కొట్టుకొచ్చాడు.

విక్టోరియా అక్కడికక్కడే మొదలుపెట్టింది. "ఆంటీ, మీ సంచిలో ఏముంది?"

"ఏముంటది? కీమా, పుదీనా."

"పుదీనా కట్ట నాకు అప్పివ్వండి."

షమ్సున్నీసా ఆమెకేసి అదోలా చూసింది. తరవాత కట్ట తీసి బల్లమీద పెట్టింది. విక్టోరియా పాత ఆవర్జా తెరిచి ఆవిడ పేజీలో, కుడివైపు రాసింది: మనం ఇవ్వవలసినది, పుదీనా ఒక కట్ట. ఆవిడకు వినబడేలా చదివింది కూడా. షమ్సున్నీసా ముక్కు తుడుచుకుని, వచ్చి బియ్యం బస్తా మీద కూర్చుంది. "టీపొడి ఇయ్యి, రాసుకో" అంది.

ఒకటి అతికింది. ఇంకా యాభై రెండు ఉన్నాయి, రోజులు పదకొండు.

ఆరింటికి కొట్టు మూసి, మెల్వే మ్యాపు పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆమె కారెక్కేది. సుందర్ రాజు నడిపేవాడు. మొదటి రెండు రోజులూ అతను కారు దిగలేదు, ఎవరి మొహం చూడాలన్నా సిగ్గు. "షావుకారువి, గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కోవడమేంటి?" అని గొణిగాడు కూడా. "మీరు పోస్టు చేసినప్పుడు గుమ్మాలు లెక్కపెట్టుకోవాల్సింది" అంది ఆమె.

ద్వారకానాథ్ ఇంట్లో అయిదుగురు బ్రహ్మచారులు. అందరూ వైటూకే బాపతే, ముగ్గురికి ఉద్యోగాలు పోయాయి. అప్పివ్వడానికి ఆ ఇంట్లో రైస్ కుక్కర్, పరుపులు తప్ప ఏమీ లేవు. బయట వాన పడుతుంటే గొడుగు ఇచ్చారు. గొడుగు రాసుకుంది. ఒకావిడ కిటికీలో కుండీలో ప్రాణంలా పెంచుకుంటున్న కరివేపాకు మొక్క నుంచి ఒక్క రెమ్మ తుంచి, ఆకులు లెక్కపెట్టి ఇచ్చింది. పద్నాలుగు. పద్నాలుగని రాసుకుంది. నిమ్మకాయలు, అగ్గిపెట్టె, ఉన్ని దారం ఉండ, ఆవకాయ గిన్నెడు. మూడో రోజు వాసుదేవరావు అనే పెద్దాయన ఇంటి ముందు సుందర్ రాజు కారు దిగాడు. "ఉత్తరం వేసింది నేనండి. ఆవిడకి తెలీదు" అన్నాడు గుమ్మంలోనే. పెద్దాయన అతణ్ణి ఎగాదిగా చూసి, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, అప్పు కింద ఒక నిచ్చెన ఇచ్చాడు. చిన్న కారులో ఆ నిచ్చెన తేవడానికి వాళ్లు పడ్డ పాట్లు వేరే చెప్పాలి.

అన్నిచోట్లా అలా జరగలేదు. ఒకరు తలుపు తీయలేదు. ఒకరు మేం ఫుట్‌స్క్రేలో కొనుక్కుంటున్నాం, అక్కడ చవక అని మొహం మీదే చెప్పారు. ఇంకొకాయన సిడ్నీలో ఉద్యోగం చూసుకుని నిజంగానే ఊరొదిలి పోతున్నాడు, ఆయనకు సున్నా సరిపోయింది.

ఇరవై తొమ్మిది గురువారం నాటికి మిగిలింది లలితకుమారి ఒక్కతే. ఆమె పాయింట్ కుక్‌లో కొత్త కాలనీలో ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. ఆ ఇంటిని విక్టోరియా కావాలనే చివరికి పెట్టుకుంది, భయపడి. లలితకుమారి భర్త ఉద్యోగం పోయినప్పుడు ఆమె ఖాతా నాలుగు వందల డాలర్లు దాటింది. అదనపు డ్యూటీలు చేసి, వారానికి పాతిక చొప్పున తీర్చి, మే నెలాఖరుకి ఒక్క డాలరుకి తెచ్చింది. ఆ రోజు ఆమె ఎంత సంతోషంగా వెళ్లిందో విక్టోరియాకు గుర్తుంది. రెండు వారాలకు ఉత్తరం.

లలితకుమారి తలుపు సగమే తీసింది. "ఆలస్యంగా కట్టేవాళ్లని తీసేస్తున్నారని అర్థమైందండి. మీ వ్యాపారం మీది. నాకేం కోపం లేదు."

"ఆలస్యం సంగతి కాదండి. అందరికీ వచ్చింది. మా ఆయన తెలీక చేశారు."

"సరేనండి" అంది ఆమె. నమ్మలేదని ఆ గొంతే చెబుతోంది.

"అప్పు కోసం వచ్చాను."

"విన్నాను. నిమ్మకాయలూ అవీ పట్టికెళ్తున్నారంట కదా. మా ఇంట్లో మీకు ఇవ్వడానికేమీ లేదండి." తలుపు ఇంకొంచెం మూసుకుంది.

విక్టోరియా అక్కడే నిలబడింది. ఈమె దగ్గర నిమ్మకాయ పనిచెయ్యదని ఆమెకు తెలుసు. ఈమెకు తగిలిన దెబ్బ డాలరు మీద కాదు, నమ్మకం మీద. అది తెలిశాక ఏం అడగాలో కూడా తెలిసింది.

"రేపు శుక్రవారం మీకు సెలవుంటే రెండు గంటలు అప్పివ్వండి. ఫ్రాంకో దగ్గర సంతకాలకి మేమిద్దరం వెళ్లాలి. పది నుంచి పన్నెండు దాకా కొట్లో మీరు కూర్చోండి." చేతిసంచిలోంచి తాళాలు తీసింది. "ఇది తలుపుది. ఇది గల్లాపెట్టెది. రెండో తాళం చెవి లేదు, ఉన్నది ఇదొక్కటే."

లలితకుమారి ఆ తాళాలకేసి చూసింది. చెయ్యి చాపి తీసుకుని, తలుపు పూర్తిగా తీసింది. "పది అంటే పదికేనా? తొమ్మిదిన్నరకి వస్తాను, ధరలు చూసుకోవాలి" అంది.

శుక్రవారం పదకొండుంపావుకి ఫ్రాంకో వంటగదిలో కాగితాలు బల్లమీద పరిచాడు. ముసలాయన పక్కనే నిలబడి గోడ గడియారం చూస్తున్నాడు. ఖాతాలు అతికాయి సరే, జనం మళ్లీ మునుపటిలా వస్తారని ఎవరు చెప్పగలరు? ఆ వారం మొత్తం అమ్మకం పాత శనివారం ఒక్కరోజు అమ్మకానికి సరిపోలేదు.

"ధైర్యమేనా?" అన్నాడు సుందర్ రాజు నెమ్మదిగా. "మూడేళ్లు."

"యాభై మందికి బాకీ పడ్డానండి" అంది విక్టోరియా. "అవన్నీ తీర్చకుండా కొట్టు ఎత్తేసి ఎక్కడికి పోతాను?" కలం తీసుకుని మూడుచోట్ల సంతకం పెట్టి, నాలుగోచోట భర్త చేత పెట్టించింది. ఫ్రాంకో రెండు క్యాలీఫ్లవర్లు చేతిలో పెట్టాడు. అవి అప్పా, కానుకా అని సుందర్ రాజు అడిగితే, ముసలాయనకు ప్రశ్న అర్థం కాలేదు.

తిరిగొచ్చేసరికి కొట్టు ముందు కారు పెట్టడానికి చోటు లేదు. కొత్త పన్ను రేపటినుంచి అనగా చేగోడీలకు, అగరొత్తులకు జనం ఎగబడ్డారు. పప్పులకు పన్ను లేదని లలితకుమారి గొంతు చించుకుని అందరికీ నచ్చచెబుతోంది. ద్వారకానాథ్ బృందం మూటలు దించుతోంది. షమ్సున్నీసా బియ్యం బస్తా మీద కూర్చుని ఎవరికి ఎంత ఇంగువ కావాలో ఆవిడే తేలుస్తోంది. విక్టోరియా గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంది, చాటుగా కాదు, అందరి ముందే.

"పెట్టె లెక్క చూసుకోండి" అని లలితకుమారి తాళాలు అందించింది. విక్టోరియా పెట్టె తెరవలేదు. ఆవర్జా తీసి ఆమె పేజీలో రాసింది: మనం ఇవ్వవలసినది, రెండున్నర గంటలు. ఆ సాయంత్రం లలితకుమారి సామాన్లు కట్టించుకుని, గంటలకు డబ్బు పోను లెక్క కట్టమంది. అటుదిటు, ఇటుదటు తీసేస్తే ఆమె ఇవ్వాల్సింది మూడు డాలర్లు తేలింది. రెండు ఇచ్చి వెళ్లింది.

కంప్యూటర్ ఎక్కడికీ పోలేదు. పన్ను లెక్కలకు అది కావాలి. యాభై ఖాతాల్లోనూ బాకీ మళ్లీ సుందర్ రాజు చేతనే ఎక్కించింది. పద్నాలుగు కరివేపాకులు ఏ గడిలో పెట్టాలో తెలియక అతను ఒక పూట జుట్టు పీక్కున్నాడు. ఆ పని బాగుందని విని గియాసుద్దీన్ తన దుకాణం లెక్కలు కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించమని పిలిచాడు. సుందర్ రాజు వారం రోజులు అక్కడికెళ్లాడు. ఈసారి ఏ బటన్ నొక్కినా ముందు అడిగి నొక్కాడట, గియాసుద్దీన్ చెప్పి చెప్పి నవ్వాడు.

జూలై రెండో వారంలో ఒక ఉదయం విక్టోరియా ఆవర్జా తిరగేస్తుంటే చివర కొత్త పేజీ ఒకటి కనబడింది. గుండ్రటి చేతిరాత, బడిపంతులు కొడుకు చేతిరాత. పైన పేరు: సుందర్ రాజు. కింద ఒకే పద్దు. ఉత్తరాలకు కొట్టు డబ్బుతో కొన్న తపాలా బిళ్లలు యాభై మూడు, ఒక్కొక్కటి నలభై అయిదు సెంట్లు. బాకీ ఇరవై మూడు డాలర్ల ఎనభై అయిదు సెంట్లు. ఆమె తలెత్తి చూసింది. అతను బల్లకు అవతలివైపు, గిరాకీలు నిలబడే చోట నిలబడి ఉన్నాడు, చేతిలో గియాసుద్దీన్ ఇచ్చిన కవరు. అందులోంచి నోట్లు, చిల్లర తీసి లెక్కపెట్టి బల్లమీద పెట్టాడు.

విక్టోరియా మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై రెండు డాలర్ల ఎనభై అయిదు సెంట్లు.

"ఒక డాలరు తగ్గింది" అంది.

"తెలుసు" అన్నాడు సుందర్ రాజు. "ఉండనీ."